మేధోసంపత్తి చట్టంతో పాటు నైతిక విచక్షణను మేనేజర్లకు ఎలా నేర్పాలి?

బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టీమ్ మేనేజర్లకు మేధోసంపత్తి హక్కులపై 90 నిమిషాల తరగతి తీసుకుంటున్నాను. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనంతవరకు, ఉద్యోగి విధుల్లో భాగంగా రాసిన కోడ్‌పై హక్కు యజమానిదేనని చెబితే అందరూ తలూపుతారు. కానీ కొత్తగా చేరిన ఇంజనీరు తన పాత సంస్థ కోడ్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, "సార్, ఇది వాడితే వారం రోజులు కలిసొస్తాయి" అంటే ఏం చేస్తారని అడిగినప్పుడు మాత్రం, "లీగల్ వాళ్లను అడుగుతాం" అన్న జవాబే వస్తుంది. ఆ ఫైలును అప్పటికప్పుడు వద్దనాల్సింది మేనేజరే కదా! స్లైడ్లు తగ్గించి, కోర్టు తీర్పులు చర్చకు పెట్టి, చివర్లో క్విజ్ కూడా నిర్వహించాను. మార్కులు పెరిగాయి గానీ ఆ జవాబు మారలేదు. వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టమేదీ లేదు కనుక ఈ విచక్షణ మరింత అవసరం. న్యాయశాస్త్రం చదవని మేనేజర్లు ఇలాంటి సందర్భంలో స్వయంగా నిర్ణయం తీసుకునేలా చేసిన అభ్యాసం ఏదైనా మీ తరగతుల్లో ఫలించిందా?