160 గ్రెయిన్ల బులెట్‌కి ఎవరి లెక్క వాడాలి?

కొత్తచేయి: తూటాలు నేనే నింపుకుంటాను. .308 విన్‌చెస్టర్ రైఫిల్ తూటాకి 160 గ్రెయిన్ల (బులెట్ బరువు కొలత) బులెట్లు తెచ్చుకున్నాను. నా పౌడర్‌కి, ఎంత వేయాలో చెప్పే మాన్యువల్‌లో 150, 165 గ్రెయిన్ల బులెట్ల లెక్కలే ఉన్నాయి. ఆ రెండింటి మధ్య అంకె ఒకటి తేల్చి నింపేయొచ్చా?

తూకంరాయి: వద్దండి. 165కి ఇచ్చిన ప్రారంభ లోడ్ (మొదట వేయాల్సిన తక్కువ పౌడర్) తీసుకోండి. బరువైన బులెట్ అంత తొందరగా కదలదు. అది ముందుకు జరిగేలోపే వెనక గ్యాస్ పోగవుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ పౌడర్ ఇంకా వేగంగా మండుతుంది. అందుకే బులెట్ బరువెక్కితే గరిష్ఠ పౌడర్ తగ్గుతుంది. బరువైనదాని లెక్క తేలికదానికి వాడితే పోయేదేమీ లేదు, వేగం కాస్త తగ్గుతుంది.

వెర్నియర్: ఆ ‘పోయేదేమీ లేదు’ దగ్గరే నా పేచీ. రెండూ ఒకే తరహా బులెట్లయితేనే ఆ సూత్రం. సీసం సాంద్రత 11.3, రాగిది 8.96. అదే బరువుకి పూర్తి రాగి బులెట్ పొడవుగా ఉంటుంది. తూటా మొత్తం పొడవు పెంచలేం కదా, అదనపు పొడవు కేసు (పౌడర్ ఉండే తూటా గొట్టం) లోపలికే దిగుతుంది. పౌడర్‌కి చోటు తగ్గి ఒత్తిడి లేస్తుంది. రాగి 160, లోపల సీసం ఉన్న 165 కన్నా లోతుగా కూర్చోవచ్చు. 9 ఎం.ఎం.లో ఈ గొడవ మరీ ఎక్కువ, అసలే బుల్లి కేసు.

తూకంరాయి: ప్రారంభ లోడ్ మామూలుగా గరిష్ఠానికి 10 శాతం కింద ఉండేది ఇలాంటి తేడాలకే కదా?

వెర్నియర్: కేసు మారినా, ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న టోపీ) మారినా, ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే చోటు) బిగుతుగా ఉన్నా ఆ 10 శాతమే దిక్కు. అంతా బులెట్‌కే ఖర్చు పెట్టేస్తే ఎలా? అలాగని ఇంకా తగ్గిద్దామంటే అన్ని పౌడర్లూ ఒప్పుకోవు. హెచ్110 అనే పౌడర్‌ని 3 శాతం మించి తగ్గించొద్దని దాన్ని అమ్మే హాడ్జ్‌డన్ వాళ్లే చెబుతారు.

కొత్తచేయి: నావి రాగివేనండీ. ఒత్తిడి ఎక్కువై ప్రైమర్ చదునవుతుందేమో చూసుకుంటూ కొంచెం కొంచెం పెంచితే?

వెర్నియర్: ప్రైమర్‌ని నమ్ముకోకండి. .308కి సామీ (అమెరికాలో తూటాల ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన ఒత్తిడి పరిమితి 62,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అది దాటాక కూడా ప్రైమర్ మామూలుగానే కనిపించొచ్చు. ముందు ఆ బులెట్ తయారీదారు ఇచ్చిన డేటా చూడండి. క్రోనోగ్రాఫ్ (బులెట్ వేగం కొలిచే పరికరం) కూడా పెట్టండి. మీ బ్యారెల్ పొడవు, డేటాలోనిది ఒకటే అయినప్పుడు, ఆ డేటాలోని గరిష్ఠ వేగం మీకు ముందే వచ్చేస్తే, పౌడర్ తక్కువే వేశాను కదా అనుకోకుండా అక్కడితో ఆపేయండి.

తూకంరాయి: రాగివని ముందే చెప్పాల్సింది బాబూ! ఆ డేటా దొరక్కపోతే వాటిని పక్కన పెట్టి, లోపల సీసం ఉన్న 165లు తెచ్చుకోండి. వాటికి లెక్క మీ మాన్యువల్‌లోనే ఉంది.