బొబ్బిలి నుంచి హైదరాబాద్: నటన కోసం ఉద్యోగం మానేసి రావచ్చా?

బొబ్బిలి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా, బొబ్బిలి పక్కన పల్లె. నా వయసు 25. బీకాం అయ్యాక టౌన్లో ఎరువుల కొట్లో లెక్కలు రాస్తున్నాను. నెలకి 14,000 ఇస్తున్నారు. నాన్న జూట్ మిల్లులో చేసేవారు, మిల్లు మూతపడ్డాక కౌలుకి చేస్తున్నారు. చెల్లి నర్సింగ్ చదువుతోంది.

ఇంటర్ నుంచి మా ఊరి కుర్రాళ్లతో కలిసి నాటికలు వేస్తున్నాను. మొదట్లో సంక్రాంతికి, అమ్మవారి పండక్కి వేసేవాళ్లం, ఈమధ్య నాటక పరిషత్తు పోటీలకి కూడా వెళ్తున్నాం. మొన్న ఒక నాటికలో అరవయ్యేళ్ల నేత కార్మికుడి వేషం వేశాను. నాటిక అయ్యాక పొందూరు నుంచి వచ్చిన, మగ్గం నేసే ఒక పెద్దాయన స్టేజీ వెనక్కి వచ్చి, "మగ్గం ముందు అలా కూర్చోడం ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?" అని అడిగారు. ఆయన దగ్గర రెండు చీరలు నేసేంత సేపు కూర్చుని చూడాలని ఉందని చెప్పాను. ఆ రోజు నుంచి నాకు నటన తప్ప వేరే పని మీద మనసు నిలవడం లేదు.

దాచుకున్న డబ్బు 80,000 ఉంది. సంక్రాంతి వెళ్లాక ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చేద్దామనుకుంటున్నాను. కృష్ణానగర్‌లో ఉంటే మంచిదా? ఒక యాక్టింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల కోర్సుకి లక్షన్నర అంటున్నారు, సినిమాలో అవకాశం గ్యారంటీ అని కూడా చెప్తున్నారు. చేరాలా? ఇంకో సంగతి, నాది గట్టి ఉత్తరాంధ్ర యాస. ముందు భాష మార్చుకో, తర్వాత సినిమాలు చూద్దువుగాని అంటున్నారు ఫ్రెండ్స్. ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

ప్రొద్దుటూరు అక్క:

నాయనా, నేను మగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. నేసేవాళ్లు తమ పని గురించి ఊరికే మెచ్చుకోరు. ఆ పెద్దాయన స్టేజీ వెనక్కి నడిచొచ్చి అడిగాడంటే నీలో విషయం ఉంది. ఆ ధైర్యంతోనే రా.

కానీ నువ్వు అక్కడి ఉద్యోగం మానడం గురించే రాశావు. ఇక్కడ ఏ పని చేస్తావో ఒక్క ముక్క కూడా రాయలేదు. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది అదే.

నేను సీరియల్స్‌లో, సినిమాల్లో చిన్న వేషాలు వేస్తాను. అమ్మ, మేనత్త, హాస్టల్ వార్డెన్, ఆపరేషన్ థియేటర్ బయట ఏడ్చే తల్లి. దాంతోపాటు యూసుఫ్‌గూడలో నేనూ మా చెల్లెలూ కర్రీ పాయింట్ నడుపుతున్నాం. చిన్న వేషానికి కబురు ముందు రోజు రాత్రి వస్తుంది. తొమ్మిదికో పదికో మేనేజర్ ఫోన్ చేసి, "అమ్మా, రేపు పొద్దున 7కి లొకేషన్లో ఉండాలి, రెండు కాటన్ చీరలు తెచ్చుకోండి" అంటాడు. రాలేనంటే అతనికి కోపమేమీ రాదు, ఇంకొకరికి చేస్తాడు. రెండుసార్లు రాలేనంటే మూడోసారి మన నంబర్ దాకా రాడు. రామోజీ ఫిలిం సిటీలో షూటింగ్ అంటే హయత్‌నగర్ దాటి వెళ్లాలి, తెల్లవారుజామునే ప్రొడక్షన్ బండి ఎక్కాలి. ఇంటికి తిరిగొచ్చేది ఎన్నింటికో ఎవరూ చెప్పలేరు.

అందుకే వేలిముద్ర హాజరు, సెలవు కావాలంటే వారం ముందు మెయిల్ పెట్టాల్సిన ఉద్యోగం నటుడికి కుదరదు. అసలు పనే లేకుండా గదిలో కూర్చుంటే అంతకంటే కష్టం. రూమ్ అద్దె గుర్తొచ్చిన మనిషి ఆడిషన్‌లో నిలబడితే ఆ కంగారు కళ్లలో కనిపించిపోతుంది. ఎంతో బాగా చేసే పిల్లలు ఆ కంగారుతోనే ఊరు వెళ్లిపోవడం చూశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నీకు లెక్కలు వచ్చు కదా. కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీ బాగా నేర్చుకునే రా. అమీర్‌పేట, మధురానగర్, శ్రీనగర్ కాలనీ చుట్టూ చిన్న ఆడిటర్ల ఆఫీసులు, కొట్లు చాలా ఉన్నాయి. జీఎస్టీ పని 11వ తేదీకి ముందు, 20వ తేదీకి ముందు ఎక్కువగా ఉంటుంది. మిగతా రోజుల్లో సాయంత్రం కూర్చుని ఎంట్రీలు కొట్టినా ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. ఒక్క పెద్ద జీతం కన్నా అలాంటి రెండు మూడు చిన్న కొట్ల లెక్కలు పట్టుకో. మా కర్రీ పాయింట్ లెక్కలు రాసే అబ్బాయి డబ్బింగ్ ఆర్టిస్టు, పగలంతా స్టూడియోలో ఉండి రాత్రిళ్లు మా బిల్లులు చూస్తాడు.

ఇక డబ్బు. కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ బస్తీ వైపు నలుగురు కలిసి ఉండే హాస్టల్లో మంచం, భోజనం కలిపి మా చుట్టుపక్కల 6,000 నుంచి 8,000 దాకా తీసుకుంటున్నారు. ఫోను, మెట్రో, ఆడిషన్లకు ఆటోలు, బట్టల ఇస్త్రీ, ఒంట్లో బాగోకపోతే మందులు, అన్నీ వేసుకుంటే 15,000 లేకుండా నెల గడవదు. నీ 80,000 అయిదు నెలలు వస్తాయి, అది కూడా ఇంటికి పంపకుండా ఉంటే. పని చేసిన రోజే డబ్బు చేతికొస్తుందని అనుకోకు. నాకు సీరియల్ చెక్కు రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, పిలిపించిన కోఆర్డినేటర్ కమీషన్ అందులోనే పోతుంది.

మొత్తం పరిశ్రమే ఆగిపోయే రోజులూ ఉంటాయి. 2020లో కరోనా. 2022 ఆగస్టులో ఖర్చులు పెరిగిపోయాయని నిర్మాతలే షూటింగులు ఆపారు. 2025 ఆగస్టులో వేతనాలు పెంచాలని కార్మికుల ఫెడరేషన్ సమ్మె చేస్తే రెండు వారాలకు పైగా పని లేదు. ఆ సమ్మె న్యాయమైనదే, లైట్లు మోసే పిల్లల కష్టం రోజూ చూస్తున్నాను. ఆ నెల మా అద్దె మాత్రం పప్పూ, గుత్తివంకాయ కూరా కట్టాయి.

అవకాశం గ్యారంటీ అన్నచోట ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. నటన నేర్పేవాళ్లు నేర్పగలరు, వేషం ఇచ్చేది దర్శకుడూ నిర్మాతా. ఆడిషన్‌కి ఫీజు అడిగినా, ప్రొఫైల్ రిజిస్ట్రేషన్ అన్నా, ఫొటోలు మా దగ్గరే తీయించుకోవాలన్నా, 'మా' (మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్) సభ్యత్వ కార్డు ఇప్పిస్తామన్నా అక్కడి నుంచి లేచి వచ్చెయ్. ఆ అసోసియేషన్ గురించి తెలుసుకోవాలంటే ఫిల్మ్‌నగర్‌లో వాళ్ల ఆఫీసుకే వెళ్లి అడగొచ్చు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు.

ఇది చదివే ఆడపిల్లలకి కూడా ఒక మాట. కథ చెప్తామని హోటల్ గదికో, ఫ్లాట్‌కో రమ్మంటే వెళ్లకండి. నిజంగా సినిమా తీసేవాళ్లకి ఆఫీసు ఉంటుంది, పగలు తెరిచి ఉంటుంది, తోడు ఒకరిని తీసుకొచ్చినా అభ్యంతరం చెప్పరు. వేధింపుల మీద ఫిర్యాదులు తీసుకోవడానికి ఫిలిం ఛాంబర్‌లో ప్యానెల్ ఉంది, పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. భయపడి ఊరుకోవద్దు.

యాస సంగతికొస్తే, దాన్ని పోగొట్టుకోకు. జయప్రకాశ్‌రెడ్డి గారు టీచరు ఉద్యోగం చేస్తూ నాటకాలు ఆడినవారు, మా సీమ మాటతోనే తెలుగువాళ్లందరికీ దగ్గరయ్యారు. కోట శ్రీనివాసరావు గారిది కృష్ణా జిల్లా కంకిపాడు. బ్యాంకులో పనిచేస్తూ స్టేజీ ఎక్కేవారు, 1978లో సినిమాల్లోకి వచ్చారు. ఆయన తెలంగాణ మాట మాట్లాడితే ఇక్కడివాళ్లు మా మనిషే అనుకున్నారు. నీ యాస నీకు ఉండనీ, ఇంకో యాస కూడా నేర్చుకో. హాస్టల్లో పాలమూరు కుర్రాడో, నెల్లూరు కుర్రాడో ఉంటాడు, రోజూ అతనితో మాట్లాడు.

క్లాప్‌బోర్డ్:

అసిస్టెంట్ డైరెక్టర్‌ని. అక్క రాసిన ఫోన్ సంగతి అక్షరాలా నిజం. మా వైపు నుంచి చెప్తాను. చివరి నిమిషంలో ఒక వేషం ఖాళీ అయితే మేం వెతికేది గొప్ప నటుడి కోసం మాత్రమే అనుకోవద్దు, పొద్దున్నే వస్తాడన్న నమ్మకం ఉన్న మనిషి కోసం కూడా.

ప్రొఫైల్ గురించి. ఖరీదైన ఫొటోషూట్ వద్దు. పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా, ముఖం ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, నిలువెత్తు ఒకటి చాలు. గడ్డంతో, గడ్డం లేకుండా రెండు రకాలూ ఉంటే ఇంకా మంచిది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని బైకు మీద దిగిన ఫొటో చూసి మేం ఏ నిర్ణయానికీ రాలేం. పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు, ఫోన్ నంబర్ మెసేజ్‌లోనే రాయండి. చాలామంది నంబర్ రాయడం మర్చిపోతారు, వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి ఫార్వర్డ్ అయ్యేసరికి ఆ మనిషిని పట్టుకునే దారే ఉండదు.

వీడియోకి పెద్ద హీరోల డైలాగులు చెప్పకండి. చూసేవాళ్లకి ఆ హీరోయే గుర్తొస్తాడు, మీరు కనిపించరు. మీ నేత కార్మికుడి వేషంలో ఒకటిన్నర నిమిషం ముక్క, మీ యాసలోనే, వెనక మ్యూజిక్ లేకుండా తీసి పంపండి. ఈత, డ్రైవింగ్, నాగలి పట్టడం, డప్పు, మగ్గం, ఏది వచ్చినా రాయండి. పల్లెటూరి కథలకి అవి చూసే పిలుస్తాం.

గోదారి గట్టు:

నేను రాజమండ్రిలో షార్ట్ ఫిల్మ్స్ తీస్తుంటాను. అక్కంటే గౌరవమే, కానీ తమ్ముడు వెంటనే రావాలని నాకు అనిపించడం లేదు. ఇప్పుడు ఆడిషన్ మొదటి రౌండు చాలాచోట్ల వీడియో మీదే అయిపోతోంది. విజయవాడ కుర్రాడు, హీరో సుహాస్ షార్ట్ ఫిల్మ్స్ నుంచే పైకొచ్చాడు. బొబ్బిలి నుంచి వైజాగ్ మూడు గంటలు. భీమిలి, అరకు వైపు షూటింగులు జరుగుతూనే ఉంటాయి, వైజాగ్‌లో రామానాయుడు స్టూడియో కూడా ఉంది. ఏడాది పాటు వైజాగ్ కుర్రాళ్లతో నాలుగు షార్ట్ ఫిల్మ్స్ చేసి, చేతిలో చూపించడానికి పని పెట్టుకుని వస్తే ఆ 80,000 అలాగే ఉంటుంది. కెమెరాకీ స్టేజీకీ చాలా తేడా ఉంది తమ్ముడూ. స్టేజీ మీద చివరి వరసకి వినపడాలని గొంతు పెంచుతాం, క్లోజప్‌లో రెప్ప వాల్చినా పెద్దగానే కనిపిస్తుంది. ఆ అలవాటు ఇంటి దగ్గర ఉండి కూడా చేసుకోవచ్చు.

తెర వెనుక:

నటన నేర్చుకోవడానికి లక్షన్నర పెట్టే ఆలోచన ఉంటే ముందు ప్రభుత్వ సంస్థలు చూడండి. ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ శాఖ మీకు దగ్గర. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థలంలో రెండేళ్ల పీజీ ఉంది, నేను అక్కడే చదివాను. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు, ఎంపికైనవాళ్లకి స్టైపెండ్ ఇస్తారు. డిగ్రీ, నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతారు. వయసు పరిమితి ఉంది కాబట్టి ఆలస్యం చెయ్యకండి. మీ పరిషత్తు సర్టిఫికెట్లు, కరపత్రాలు, ఫొటోలు అన్నీ జాగ్రత్త చెయ్యండి. వాటిని చాలామంది పారేస్తారు, దరఖాస్తు పెట్టేటప్పుడు అవే ఆధారం.

చదువు వద్దనుకున్నా సరే, హైదరాబాద్ వస్తే రవీంద్రభారతిలో, బంజారాహిల్స్ లామకాన్‌లో నాటకాలు చూడండి. నాటకం అయ్యాక ఆగి మాట్లాడండి. చిన్న బృందాలకి మనుషులు ఎప్పుడూ తక్కువే, రిహార్సల్‌కి రమ్మంటారు. పనిలేని నెలల్లో నటుడు తుప్పు పట్టకుండా ఉండేది రిహార్సల్ వల్లే.

బొబ్బిలి కుర్రాడు:

అక్కా, అందరికీ చాలా థాంక్స్. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రేపటిలోగా 10,000 అడ్వాన్స్ పంపకపోతే సీటు పోతుందని ఫోన్ చేశారు. పంపనని చెప్పేశాను. ట్యాలీ నాకు వచ్చు, జీఎస్టీ రిటర్నులు కొంచెం వచ్చు.

గోదారి గట్టు అన్న చెప్పినట్టు వైజాగ్‌లో చేయాలా, హైదరాబాద్ రావాలా అని రాత్రంతా ఆలోచించాను. అమ్మకి చెప్పాను. నాన్నకి ఎలా చెప్పాలో తెలియట్లేదు. మిల్లు పోయిన రోజులు చూసిన మనిషి, నెల జీతం వదులుకుంటానంటే తట్టుకోలేరేమోనని భయం.

ప్రొద్దుటూరు అక్క:

పంపకపోవడం మంచి పని చేశావు. రేపటిలోగా అన్నారంటేనే తెలిసిపోవట్లా?

గోదారి గట్టు తమ్ముడి మాటలో సగం ఒప్పుకుంటాను. షార్ట్ ఫిల్మ్స్ చెయ్యి, వీడియో తీసి పెట్టుకో, అది ఈ నెలలోనే మొదలుపెట్టు. వైజాగ్ షూటింగుల మీద మాత్రం ఆశ పెట్టుకోకు. మేం అరకు వెళ్లినా మాటలున్న వేషాలకి ఇక్కడి నుంచే బస్సులో తీసుకెళ్తారు, అక్కడివాళ్లని ఎక్కువగా గుంపులో నిలబెట్టడానికే పిలుస్తారు. రాత్రి ఫోన్ చేస్తే పొద్దున చేరగలిగే దూరంలో ఉండాలి, ఆ విషయంలో నా మాట మారదు.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. పండగ అయ్యాక వారం సెలవు పెట్టి రా. ఆ వారంలో ఆడిషన్ల కోసం తిరగకు. లెక్కల పని వెతుక్కో, రెండు మూడు హాస్టళ్లు చూడు, సాయంత్రం ఒక నాటకం చూడు. నెలకి 10,000 వచ్చే పని ఖాయమయ్యాకే ఊరెళ్లి కొట్లో చెప్పు. మీ నాన్నకి అప్పుడు కాగితం మీద లెక్క చూపించొచ్చు. నెలకి ఇంత వస్తుంది, ఇంత ఖర్చవుతుంది, తక్కువైంది దాచిన డబ్బులోంచి ఇంత తీస్తాను, వేషాలు దొరికాక చెల్లి ఫీజుకి ఇంత పంపుతాను అని. మిల్లు పోవడం చూసిన మనిషి సినిమా అంటే నమ్మకపోవచ్చు, లెక్క అయితే చూస్తాడు. ఆయన కాదన్నా కోపం తెచ్చుకోవద్దు. నువ్వు వేసే నాటికకి ఆయన్ని ఒకసారి తీసుకెళ్లు. ఇంతవరకూ చూశాడో లేదో నువ్వు రాయలేదు.

నాగావళి ఎక్స్‌ప్రెస్ మీ బొబ్బిలిలో ఆగుతుంది, రోజూ ఉండదు కాబట్టి వారాలు చూసుకుని టికెట్ తీసుకో. సికింద్రాబాద్ చేరుకుని, ఈస్ట్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా యూసుఫ్‌గూడలో దిగొచ్చు. మధ్యాహ్నం పూట వస్తే భోజనం మా దగ్గరే. వచ్చేటప్పుడు తెల్ల చొక్కా ఒకటి, గళ్ల లుంగీ ఒకటి, కండువా ఒకటి పెట్టుకో. చిన్న వేషాలకి బట్టలు మనమే తెచ్చుకోవాలి.