హెచ్‌ఎంఓ తీసుకోవాలా, పీపీఓ తీసుకోవాలా? (కాలిఫోర్నియా)

కొత్తగా_వచ్చాను: ఈ శుక్రవారంలోగా ఆరోగ్య బీమా ఎంచుకోవాలి. హెచ్‌ఎంఓకి (ముందు ఒక ప్రైమరీ డాక్టర్ ద్వారానే వెళ్లే ప్లాను) జీతంలో కోత తక్కువ, డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలుపెట్టే ముందు మనం పెట్టుకునే ఖర్చు) లేదు. పీపీఓకి (నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లగలిగే ప్లాను) కోత దాదాపు రెట్టింపు. మా ఆవిడకు ఐదో నెల. ఏది మేలు?

శాన్‌హోజే_బాబాయ్: హెచ్‌ఎంఓ. రెండో మాట లేదు. ఒక ప్రైమరీ డాక్టర్‌ను ఎంచుకుంటారు. ముందు ఆయన చూస్తారు, అవసరమైతే స్పెషలిస్టుకు రెఫరల్ (సిఫారసు చీటీ) రాస్తారు. ఎమర్జెన్సీ తప్ప నెట్‌వర్క్ (ప్లానుతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రులు) దాటి వెళితే ఖర్చు మీదే. గైనకాలజిస్టుకు రెఫరల్ అక్కర్లేదు, 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం ఆ హక్కు ఇచ్చింది. మా ఇంట్లో రెండు కాన్పులూ ఇందులోనే జరిగాయి. జేబులోంచి పోయింది కో-పే (చూపించుకున్నప్పుడల్లా కట్టే చిన్న మొత్తం) ఒక్కటే.

మోకాలి_నొప్పి: బాబాయ్ గారు ఎప్పుడూ కాన్పుల సంగతే చెబుతారు. కాన్పును ఎవరూ వాయిదా వేయలేరు. నా మోకాలిని వాయిదా వేశారు. మెట్లు దిగుతుంటే కీలు పట్టేసేది, రెయిలింగు పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగేవాణ్ని. ముందు ఫిజియోథెరపీ అన్నారు, తరువాత మాత్రలు. వారాలు గడిచాక ఎంఆర్ఐ తీస్తే మెనిస్కస్ (మోకాలి కీలులోని మృదులాస్థి) చిరిగి ఉంది.

శాన్‌హోజే_బాబాయ్: ఎంఆర్ఐ కావాలని మీరు అడిగారా? నిరాకరించినట్టు ఉత్తరం వచ్చిందా?

మోకాలి_నొప్పి: నిరాకరించలేదు. "చూద్దాం" అన్నారు.

శాన్‌హోజే_బాబాయ్: అయితే నిరాకరణే లేదు! ఉత్తరం ఉంటే అప్పీలు చేయవచ్చు. అక్కడా కాదంటే రాష్ట్ర మేనేజ్డ్ హెల్త్ కేర్ శాఖ స్వతంత్ర వైద్యులతో ఉచితంగా పరిశీలన చేయిస్తుంది. స్పెషలిస్టు అపాయింట్‌మెంటు 15 పనిదినాల్లో ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది.

మోకాలి_నొప్పి: ఆ 15 రోజులు అపాయింట్‌మెంటు అడిగాక మొదలవుతాయి. రెఫరల్ చేతికి రానిదే నేను ఎవరిని అడగాలి?

పల్నాటి_కోడలు: చూడటానికి వచ్చే అమ్మానాన్నలకు ఇందులో వర్తిస్తుందా?

రాత్రి_షిఫ్టు: వర్తించదండీ, వాళ్లకు సందర్శకుల బీమా విడిగా తీసుకోవాలి. మోకాలి గారూ, నేను నర్సును. మెనిస్కస్ చిరుగుకు చాలామందికి ముందు ఫిజియోథెరపీయే చేయిస్తారు. ఎంఆర్ఐకి పీపీఓలు కూడా చాలావరకు ముందస్తు అనుమతి అడుగుతాయి. అయితే కీలు పట్టేస్తుందని చెప్పినప్పుడు త్వరగా చూడవలసింది.

మోకాలి_నొప్పి: చూడరు! చాలా హెచ్‌ఎంఓల్లో వైద్య బృందానికి మనిషికి నెలకు ఇంత అని ముందే ముడుతుంది. నన్ను స్కానుకు పంపితే అది వాళ్లకు ఖర్చు. పంపకపోతే మిగులు.

శాన్‌హోజే_బాబాయ్: 1930లలో మొజావే ఎడారిలో కాలువ కూలీల దగ్గర రోజుకు 5 సెంట్లు ముందే తీసుకుని డాక్టర్ గార్‌ఫీల్డ్ వైద్యం చేశారు. కైజర్ (ఇక్కడి పెద్ద హెచ్‌ఎంఓ) పద్ధతికి మూలం అదే. డబ్బు ముందే వస్తే, మనిషి జబ్బు పడకుండా చూసుకోవడమే డాక్టర్‌కు లాభం. మీ పీపీఓలో స్కానుకో బిల్లు. అక్కడ స్వార్థం లేదా?

మోకాలి_నొప్పి: ఉంది. కానీ అది నన్ను చూడాలనే స్వార్థం.

శాన్‌హోజే_బాబాయ్: ఇప్పుడు బయటపడ్డారు! మీకు చెప్పినట్టు వినే డాక్టర్ కావాలి. గుంటూరులో నేరుగా ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లి స్కాన్ రాయించుకున్న అలవాటు పోలేదు.

మోకాలి_నొప్పి: పోలేదు, పోనివ్వను కూడా. నొప్పిగా ఉందని నేను చెబితే, నిజమా కాదా అని మధ్యలో ఒక మనిషి కూర్చుని తూచడం నాకు పడదు. ఆ మనిషి లేకుండా ఉండటానికే నెలనెలా ఎక్కువ కడుతున్నాను.

శాన్‌హోజే_బాబాయ్: కట్టగలిగినంత కాలం కట్టండి. ఉద్యోగం పోయిన ఏడాది కోబ్రా (పాత కంపెనీ బీమాను సొంత డబ్బుతో కొనసాగించుకునే చట్టం) కింద అప్పటి నా పీపీఓకి నేనూ కట్టాను. కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం. ప్రీమియం కట్టేసరికి ఇంటి అద్దెకు అప్పు చేయవలసి వచ్చింది. నన్ను ఎవరు తూస్తారన్నది ఆ రోజు గుర్తుకే రాలేదు.

కొత్తగా_వచ్చాను: పెద్దలిద్దరికీ నమస్కారం. మా ఆవిడ ఇప్పుడు చూపించుకుంటున్న డాక్టర్ ఏ ప్లానులో ఉన్నారో ఎలా తెలుసుకోవాలో ఎవరైనా చెబుతారా?

రాత్రి_షిఫ్టు: ఆ డాక్టర్ ఆఫీసుకు ఫోను చేయండి. బీమా కంపెనీ పేరు చెబితే చాలదు, ప్లాను పూర్తి పేరు చదివి వినిపించండి. ఒకే కంపెనీకి వేర్వేరు నెట్‌వర్కులు ఉంటాయి, వెబ్‌సైటులో జాబితా పాతది కావచ్చు. కాన్పు చేసే ఆసుపత్రి గురించి కూడా అడగండి. బిడ్డ పుట్టాక 30 రోజుల్లోగా పేరు చేర్చడం మరిచిపోకండి. అప్పుడు ప్లాను మార్చుకునే వీలూ సాధారణంగా ఉంటుంది.

మోకాలి_నొప్పి: అప్పుడు పీపీఓకి రండి.