నీసు మానేస్తున్నాం, కంచంలో దాని చోట ఏం పెట్టాలి?

కూకట్‌పల్లి వాసి

అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి ఇంట్లో నీసు మానేద్దామనుకుంటున్నాం. మేం నలుగురం. ఇప్పుడు వారానికి మూడు రోజులు చికెన్, ఆదివారం మటన్, మధ్యలో గుడ్లు. గుడ్లు కూడా మానాలనే ఉంది. పాలు, పెరుగు ఉంటాయి.

నాకు 41 ఏళ్ళు, 72 కిలోలు. తాజా రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 158, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 215, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 6.1, ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1. మందులేవీ వాడటం లేదు. అమ్మకి 66, ఎనిమిదేళ్ళుగా షుగరు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకుంటారు. నా భార్యకి థైరాయిడ్ మాత్ర ఉంది, హిమోగ్లోబిన్ 10.4. బాబుకి పదకొండేళ్ళు.

ఈ మార్పుతో నా నంబర్లు నిజంగా దిగుతాయా? ప్రొటీన్ సరిపోవాలంటే రోజుకి ఎంత పప్పు పడుతుందో గ్రాముల్లో చెప్పగలరా? అమ్మ విషయంలో ముందే చూసుకోవాల్సినవి ఏమన్నా ఉన్నాయా?

జొన్నరొట్టె

నంబర్లు దిగుతాయా లేదా అన్నది మాంసం ఖాళీ చేసిన చోటులోకి ఏం వచ్చి కూర్చుందన్న దాని మీద ఉంటుందండి. మన ఇళ్ళల్లో మామూలుగా జరిగేది ఇదీ: కోడికూర పోగానే అన్నం ఒక హస్తం పెరుగుతుంది, ఆలుగడ్డ వేపుడు వస్తుంది, రుచి కోసం నెయ్యి, ఆవకాయ పక్కన చేరతాయి. అలా తింటే ఎల్‌డీఎల్ కాస్త దిగినా ట్రైగ్లిజరైడ్లు పైకే పోతాయి. ఒంటికి ఖర్చు కాని పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి కొంత రక్తంలోకి వదులుతుంది, కొంత తనలోనే ఉంచుకుంటుంది. మీ 215కీ, గ్రేడ్ 1కీ తరచుగా మూలం అదే. మద్యం అలవాటుంటే అది ఇంకో మూలం.

ఎల్‌డీఎల్ మీద ఆశ కూడా కొలత ప్రకారం పెట్టుకోండి. శాకాహారానికి మార్చి చూసిన ప్రయోగాల్లో సగటున పది శాతం దాకా తగ్గింది. అంటే మీ 158 సుమారు 142కి రావచ్చు. నెయ్యి, వనస్పతి, బేకరీ పఫ్‌లు తగ్గించి, ఓట్స్, బెండకాయ, మెంతులు, అవిసె పొడి లాంటి కరిగే పీచు పెంచితే ఇంకొంచెం దిగుతుంది. డాక్టరు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) రాస్తే "శాకాహారులమయ్యాం కదా" అని మాత్రం ఆపొద్దు.

గుండె సంగతి: బ్రిటన్‌లో జరిగిన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం 2019లో తేల్చిన లెక్క ప్రకారం మాంసం తినేవాళ్ళతో పోలిస్తే శాకాహారుల్లో గుండె రక్తనాళాల జబ్బు 22 శాతం తక్కువ. అదే అధ్యయనంలో మెదడులో రక్తస్రావంతో వచ్చే పక్షవాతం వాళ్ళలోనే ఎక్కువ కనిపించింది. రెండూ కలిపి చెప్పకపోతే సగం చెప్పినట్టే. ఇంట్లో సాసేజీ, సలామీ లాంటివి వాడుతుంటే ఆపాల్సిన వాటిలో అవే మొదటివి. ఉప్పు, పొగ, మందులు పట్టించి నిల్వ చేసిన మాంసం మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే తేల్చింది.

ఇక ప్రొటీన్. రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాములన్నది మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. ధాన్యం, పప్పుల మీద ఎక్కువగా ఆధారపడేవాళ్ళు కిలోకి ఒక గ్రాము పెట్టుకోవడం మేలు. మీకు 72 గ్రాములు.

ఇప్పుడు మీ గిన్నె చూడండి. నలుగురికి 100 గ్రాముల కందిపప్పుతో పప్పుచారు కాస్తే ఒక్కొక్కరి వంతు 25 గ్రాముల పప్పు, అంటే ఐదు గ్రాముల ప్రొటీన్. అదే మనిషికి 150 గ్రాముల చికెన్ ముక్కలు పడితే 30 గ్రాములకి పైమాటే. పాతిక గ్రాముల లోటు అక్కడే మొదలవుతుంది. ఆ లోటు ఆకలిగా మారి రాత్రి తొమ్మిదింటికి మిక్చర్ డబ్బా దగ్గరికి నడిపిస్తుంది.

మీ ఒక్కరికి రోజు లెక్క ఇలా వేసుకోవచ్చు, బరువులన్నీ వండకముందువి. పొద్దున 50 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, 12 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం 40 గ్రాముల పప్పుతో ముద్దపప్పో ఆకుకూర పప్పో, 9. బియ్యం 75 గ్రాములు, 5. పెరుగు 150 గ్రాములు, 5. సాయంత్రం వేయించిన పల్లీలు పాతిక గ్రాములు, 6. రాత్రి 80 గ్రాముల పిండితో రెండు జొన్నరొట్టెలు, 8. పాతిక గ్రాముల సోయా చంక్స్ కూర, 13. పాలు 200 మిల్లీలీటర్లు, 6. రోజంతటి కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు ఉంటే వాటి నుంచి ఇంకో 7. మొత్తం 71. సోయా వద్దనుకున్న రోజు పనీర్ 70 గ్రాములు.

ఒక చిన్న వంటింటి తక్కెడ కొనుక్కోండి. మొదటి రెండు వారాలు తూస్తే ఆ తర్వాత చెయ్యే చెబుతుంది.

ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. రెండూ ఒకే ముద్దలో కలవాల్సిన పని లేదు, రోజు మొత్తంలో రెండూ ఉంటే చాలు. రక్తం కోసం పాలకూర బాగా పెట్టండి.

ల్యాబ్ రిపోర్ట్

పైన అంతా సరిగ్గా ఉంది, చివరి వాక్యం తప్ప. పాలకూరలో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది చాలా తక్కువ. కాల్షియాన్ని పట్టేసుకునే ఆక్సలేట్ అందులో ఎక్కువ కాబట్టి కాల్షియం కూడా అంతే. ఆకుకూరల్లో మునగాకు, మెంతికూర నయం.

అమ్మగారి సంగతి ముందు. గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్ళు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగరు పడిపోతుంది. మాత్ర తన పని తాను చేస్తూనే ఉంటుంది, దానికి సరిపడా తిండి ఉండదు, అంతే. చెమటలు, వణుకు, మాట తడబడటం, పొంతన లేని కోపం, ఇవి గుర్తులు. మిషన్‌లో 70 కంటే తక్కువ వస్తే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. కంచం మార్చే ముందే డాక్టరుతో మాట్లాడి డోసు సంగతి తేల్చుకోండి. మొదటి రెండు వారాలు పరగడుపున, భోజనమైన రెండు గంటలకి చూసి రాసిపెట్టండి.

రెండోది బీ12. మొక్కల్లో నమ్మదగ్గ బీ12 లేదు. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందని, స్పిరులినాలో ఉంటుందని చెప్పేవాళ్ళని నమ్మొద్దు. స్పిరులినాలో ఉన్నది మన ఒంటికి పనికిరాని రూపం. పాలల్లో 100 మిల్లీలీటర్లకి సుమారు 0.4 మైక్రోగ్రాములు ఉంటుంది, రోజుకి కావలసింది 2.2. అంటే పాలు, పెరుగు కలిపి అర లీటరు దాటాలి. పైగా మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. అసిడిటీకి రోజూ పాంటాప్రజోల్ లాంటిది వేసుకుంటే ఇంకా తగ్గుతుంది.

ఇది మోసం చేసే లోపం. కాలేయంలో ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మారిన మొదటి ఏడాది అంతా బాగానే అనిపిస్తుంది. తర్వాత అరికాళ్ళు తిమ్మిరెక్కితే "షుగరు వల్లేలే" అనుకుంటారు. ఆకుకూరలు, పప్పుల్లోని ఫోలేట్ (ఇంకో బీ విటమిన్) రక్తహీనతని కప్పేస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. ఎర్రకణాల సైజు చూపించే ఎంసీవీ పెరిగితే అనుమానించవచ్చు గానీ, ఇనుము కూడా తక్కువైతే అది నార్మల్‌గానే కనపడుతుంది. అందుకని మారకముందే అమ్మగారికి, మీకు బీ12 పరీక్ష చేయించండి. 200 కంటే తక్కువైతే లోపమే. మాత్రా ఇంజెక్షనా అన్నది డాక్టరు చెబుతారు. 200కీ 300కీ మధ్య ఉంటే హోమోసిస్టీన్ అనే రక్తపరీక్ష కూడా చూస్తే తేలుతుంది.

మీ భార్యకి 10.4 అంటే రక్తహీనతే. దీన్ని ఆకుకూరలతో నెట్టుకురావద్దు. ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపే పరీక్ష) చేయించి, కారణం తెలుసుకుని మాత్ర మొదలుపెట్టాలి. ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని ఐసీఎంఆర్ లెక్క, శాకాహారంలో అది కష్టపడి చేరుకోవాల్సిన అంకె. ఒక ముఖ్యమైన సంగతి: థైరాయిడ్ మాత్రకీ, ఇనుము లేదా కాల్షియం మాత్రకీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. సోయా కూడా థైరాయిడ్ మాత్రని పట్టనివ్వదు కాబట్టి పొద్దున టిఫిన్‌లో వద్దు, రాత్రికి పెట్టుకోండి. సోయా మొదలుపెట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఒకసారి చూడాలి.

భోజనం అవగానే చాయ్ మానేయాలి. అందులోని టానిన్లు ఇనుముని పట్టేసుకుంటాయి. గంట ఆగి తాగితే చాలు.

మీకు లిపిడ్ ప్రొఫైల్ ఎనిమిది వారాలకి, హెచ్‌బీఏ1సీ మూడు నెలలకి. హెచ్‌బీఏ1సీ అంతకు ముందు చేయిస్తే డబ్బు దండగ, పాత ఎర్రకణాలే ఇంకా లెక్కలో ఉంటాయి.

వంటిల్లు

ఇంత చదివి పప్పులు మొదలుపెట్టి, వారానికే కడుపుబ్బరంతో వదిలేసేవాళ్ళే ఎక్కువ. అది రాకుండా చూసుకోండి. మొదటి వారం ఇప్పుడు తింటున్న దాని మీద మనిషికి 20 గ్రాములే పెంచండి, రెండో వారం ఇంకో 20. పేగుల్లోని సూక్ష్మజీవులు కొత్త పీచుకి అలవాటు పడాలి. నీళ్ళు కూడా పెంచాలి, లేకపోతే అదే పీచు మలబద్ధకం తెస్తుంది.

సెనగలు, బొబ్బర్లు, రాజ్మా రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో ఉడికించాలి. గ్యాస్ చేసే చక్కెరలు కొంత ఆ నీళ్ళలోనే పోతాయి. రాజ్మా విషయంలో ఇది ఇంకా గట్టిగా చెప్పాలి: సగం ఉడికిన రాజ్మా వాంతులు, విరేచనాలు పట్టిస్తుంది. కుక్కర్‌లోనే వండండి, గింజ వేళ్ళ మధ్య వెన్నలా నలగాలి.

కూకట్‌పల్లి అన్నారు కాబట్టి ఒక మాట. అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళయితే సెనగలు పది విజిల్స్‌కి కూడా రాయిలా ఉంటాయి. నీళ్ళలోని కాల్షియం గింజ పొట్టుని బిగించేస్తుంది. పప్పు పాతదని కిరాణావాడితో గొడవ పడకముందు ఒకసారి ఫిల్టరు నీళ్ళలో, చిటికెడు ఉప్పేసి నానబెట్టి చూడండి. వంట సోడా వేస్తే ఉడుకుతుంది గానీ బీ1 విటమిన్ పోతుంది. అలాగే చింతపండు, టమాటా, గోంగూర పప్పు మెత్తబడ్డాకే పడాలి. పులుపు ముందే పడితే ఎంతసేపు పెట్టినా పప్పు పలుకుగానే ఉంటుంది.

నిమ్మకాయ పొయ్యి మీద పిండొద్దు, వేడికి సీ విటమిన్ పోతుంది. కంచంలో వడ్డించాక పిండుకుంటే పప్పులోని ఇనుము బాగా పడుతుంది.

సోయా చంక్స్ పిల్లలకి నచ్చకపోవడానికి కారణం వాసన. ఉప్పు నీళ్ళలో ఐదు నిమిషాలు మరిగించి, చల్లనీళ్ళు పోసి గట్టిగా పిండాలి, ఇలా రెండుసార్లు. నురగ పోయి నీళ్ళు తేటగా వచ్చాక పెరుగు, అల్లంవెల్లుల్లి, గరం మసాలా పట్టించి అరగంట ఉంచండి. పిండకుండా వేస్తే మసాలా లోపలికి పోదు.

మొలకలు ఎండాకాలంలో తొందరగా కంపు కొడతాయి. ఎనిమిది గంటలు నానిన పెసలని గుడ్డలో కట్టి, మధ్యలో రెండుసార్లు కడిగి, తోక అర అంగుళం రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. అమ్మగారికి పచ్చివి వద్దు, ఐదు నిమిషాలు ఆవిరి పట్టించి ఇవ్వండి.

నూనె నలుగురికి నెలకి మూడు, మూడున్నర లీటర్లు దాటితే పైన చెప్పిన లెక్కలన్నీ వృథా. వంకాయ, బెండకాయ ముందు మూతపెట్టి మగ్గించి, చివర్లో నూనె వేయండి.

కూకట్‌పల్లి వాసి

చాలా థ్యాంక్సండి. ముగ్గురివీ ప్రింట్ తీసి వంటింట్లో పెడుతున్నాను. ఇంకో రెండు. మధ్యాహ్నం ఆఫీసు దగ్గర కర్రీ పాయింటే గతి. బాబు పప్పు అస్సలు ముట్టుకోడు.

జొన్నరొట్టె

పాలకూర మాట వెనక్కి తీసుకుంటున్నాను, ల్యాబ్ రిపోర్ట్ గారు చెప్పిందే సరైనది.

కర్రీ పాయింట్‌లో వేపుళ్ళు, గుత్తి వంకాయ, పనీర్ బటర్ మసాలా వదిలేయండి. కవర్ పట్టుకుంటే నూనె ఒక వేలు మందాన పైకి తేలుతుంది, చూడండి. ఆకుకూర పప్పు ఒక పూర్తి ప్యాకెట్ తీసుకుని మీరొక్కరే తినండి, పక్కన పెరుగు కప్పు, ఇంటి నుంచి ఉడికించిన సెనగలు చిన్న డబ్బాలో. వెజ్ బిర్యానీ శాకాహారమే గానీ ప్లేటు నిండా అన్నమే, మీ 215కి అది మంచిది కాదు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు రోడ్డు పక్క వేడి జొన్నరొట్టెలు దొరుకుతాయి, అవి కొనుక్కెళ్తే రాత్రి వంట సగం అయినట్టే. మిర్చి బజ్జీ నెలకో రెండుసార్లు.

బాబు వయసుకి రోజుకి 32 గ్రాముల ప్రొటీన్ చాలు. పప్పు కనపడకుండా పెట్టొచ్చు: అట్టు పిండిలో మినప్పప్పు పాళ్ళు పెంచి, చపాతీ పిండిలో నాలుగో వంతు సెనగపిండి కలిపి. పాలు, పెరుగు 400 మిల్లీలీటర్లకి 13 గ్రాములు వస్తాయి, పల్లీ, నువ్వుల ఉండ ఒకటి రోజూ. నువ్వుల వల్ల కాల్షియం కూడా. వాడికి గుడ్డు ఇష్టమైతే వాడి వరకైనా ఉంచమని నా సలహా. ఎదిగే పిల్లలకి బీ12, మంచి ప్రొటీన్ ఒకేచోట దొరుకుతాయి. వద్దనుకుంటే బీ12 గురించి పిల్లల డాక్టరుని ఇప్పుడే అడగండి.

ల్యాబ్ రిపోర్ట్

ఒకటి మర్చిపోయాను. అమ్మగారికి క్రియాటినిన్, పొటాషియం ఈ మధ్య చూశారా? షుగరు వల్ల కిడ్నీలు కొంచెం దెబ్బతిని ఉంటే పప్పు, ఆకుకూరలు, కొబ్బరినీళ్ళు ఇలా పెంచకూడదు, లెక్క మారుతుంది. రక్తం పల్చబడే వార్ఫరిన్ లాంటిది ఏదైనా వాడుతున్నా ముందే చెప్పండి, ఆకుకూరల్లోని కే విటమిన్ ఆ మందుకి అడ్డం పడుతుంది. ఆ రిపోర్టు వచ్చాకే అమ్మగారి కంచం మార్చండి. మీది బీ12 పరీక్ష అవగానే మొదలుపెట్టొచ్చు.