ఎండకు వెలిసిపోయే పసుపు రంగును ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. శేషాచలం అడవుల్లో రాలిన ఎర్రచందనం కాయల్ని చూసి గుడ్డ మీద కలంకారీ బొమ్మలు వేస్తుంటాను. మధ్యలో ఉబ్బెత్తుగా గింజ, చుట్టూ గుండ్రంగా పల్చటి రెక్క, గాలికి ఎగరడానికే పుట్టినట్టుంటుంది ఆ కాయ. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరబెట్టి చేసిన నలుపు బాగా నిలుస్తోంది. పసుపుకొమ్ముల రంగే ఎండకు వెలిసిపోతోంది.

నాన్న పోయాక మొదలుపెట్టిన పని ఇది. గీస్తుంటేనే మనసు కుదుటపడుతుంది. వెలిసిపోవడం కూడా బొమ్మలో భాగమే అనిపిస్తుంది. కానీ అక్క ఒక బొమ్మ అడిగింది, తనకు వెలిసిపోయేది ఇవ్వబుద్ధి కావట్లేదు.

శ్రీకాళహస్తిలో ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి: పటిక పట్టిస్తే సరిపోతుందా, దానిమ్మ తొక్క రంగు మేలా? నిలవని పనిని ఇష్టంగా చేసేవాళ్లు మనసుకు ఏం చెప్పుకుంటారు?