ఎలుక ప్లీహంలోని బీ1 కణాల మీద సీడీ11బీ కనబడట్లేదు, లోపం ఎక్కడ?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె, కాకినాడలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఫ్లో సైటోమెట్రీ (రంగు పట్టించిన కణాలను లేజర్‌తో ఒక్కొక్కటిగా చదివే పద్ధతి) తెలిసినవాళ్లు కాస్త దారి చూపండి.

ఒకే ఎలుక ప్లీహం, ఉదర కుహరం కడిగిన ద్రవం తీసుకుని, వాటిలోని బీ కణాల (రోగనిరోధక తెల్ల రక్తకణాల) రకాలను సీడీ గుర్తులతో, అంటే కణం పైనుండే ప్రోటీన్లతో, విడదీశాను. ప్లీహంలో ఫాలిక్యులర్ కణాలు (సీడీ23 ఎక్కువ), మార్జినల్ జోన్ కణాలు (సీడీ21 ఎక్కువ, సీడీ23 తక్కువ) చక్కగా విడిపోయాయి. గొడవంతా బీ1 అనే మరో రకం బీ కణాలతోనే. ఉదర కుహరంలో సీడీ19 బాగా ఉండి, బీ220 (ఇదీ అలాంటి గుర్తే) తక్కువగా, సీడీ5 మసగ్గా ఉన్న గుంపు (ఇవే బీ1) మీద సీడీ11బీ స్పష్టంగా వచ్చింది. ప్లీహంలో అదే గుంపు మీద అసలు లేదు!

మా దగ్గర సైటోమీటర్ లేదు. రంగు పట్టించి, ఫిక్స్ చేసిన గొట్టాలను రొయ్యలకు వాడే థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి విశాఖ తీసుకెళ్లాను. ప్రయాణంలో పాడైందనుకుందామంటే, రెండూ ఒకే పెట్టెలో వెళ్లాయి కదా. ఎఫ్‌సీ బ్లాక్ (యాంటీబాడీలు తప్పు చోట అంటుకోకుండా ఆపేది) కూడా వేశాను.

ప్లీహంలోని బీ1 కణాలకు సీడీ11బీ సహజంగానే ఉండదా? అలాగైతే అక్కడ సీడీ43ని నమ్మవచ్చా? ప్లాస్మా కణాల (యాంటీబాడీలు విడుదల చేసే కణాల) మీదా అది ఉంటుంది, వాటిని సీడీ138తో పక్కకు తీస్తే సరిపోతుందా? మీరు గేట్లు (కణాల గుంపులను వేరుచేసే హద్దులు) ఏ వరుసలో పెడతారో చెప్పండి, దయచేసి.