అప్‌డేట్: గేట్ ఈసీ స్కోరుతో వీఎల్‌ఎస్‌ఐ ఎంటెక్, సీఓఏపీ ఒక్కటే చాలా?

నేనడిగింది ఇదీ: గేట్ ఈసీ (ఎలక్ట్రానిక్స్ పేపర్) స్కోరు ఉంది, వీఎల్‌ఎస్‌ఐలో (చిప్ డిజైన్) ఎంటెక్ కావాలి, సీఓఏపీలో (ఐఐటీల ఎంటెక్ ఆఫర్లు చూసి ఒప్పుకునే ఉమ్మడి పోర్టల్) రిజిస్టరైతే ఐఐటీలన్నిటికీ అప్లై చేసినట్టేనా అని. కాదు, మీరంతా చెప్పిందే నిజం. అక్కడ రిజిస్టరైతే వచ్చేది ఒక నంబరు మాత్రమే. అది వేసి ఏ ఐఐటీకి ఆ ఐఐటీ సైట్‌లో విడిగా ఫారం నింపాలి. ఎన్‌ఐటీలది వేరే దారి, సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్.

సీఓఏపీలో ఐఐటీ సీటు ఆఫర్ వచ్చాక ‘యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్’ నొక్కితే తర్వాతి రౌండ్లలో మన పేరుండదు. ‘రిటెయిన్ అండ్ వెయిట్’ అంటే ఉన్నది ఉంచుకుని మెరుగైనదాని కోసం చూడటం. ‘రిజెక్ట్ అండ్ వెయిట్’ నొక్కితే ఆ సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

చాలామంది ఇరుక్కునేది సర్టిఫికెట్ దగ్గర. మన దగ్గర కాలేజీ ఫీజులకు వాడే బీసీ సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు. కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి, అదీ తాజాది. కులం రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేకపోతే ఓబీసీ కోటా వర్తించదు. మీసేవకు వెళ్లేముందే ఆ జాబితా చూసుకోండి.

హైదరాబాద్ ఐఐటీలో రెండేళ్ల టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఎంటెక్ కాక మూడేళ్ల ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) ఎంటెక్ కూడా ఉంది. ఆర్‌ఏకి స్కోరొక్కటే చాలదు, ఇంటర్వ్యూకి బేసిక్స్ గట్టిగా ఉండాలి. ఉదాహరణకి, హోల్డ్ వయొలేషన్‌ని (చిప్‌లో క్లాక్ అంచు తర్వాత డేటా మరీ త్వరగా మారిపోవడం) క్లాక్ స్పీడు తగ్గించి సరిచేయొచ్చా? కుదరదు. సెటప్‌కి (క్లాక్ అంచుకు ముందే డేటా చేరాలనే షరతు) క్లాక్ పీరియడ్ కావాలి గానీ, హోల్డ్‌కి దాంతో పనిలేదు. డేటా దారిలో బఫర్లు (సిగ్నల్‌ని కాస్త ఆలస్యంగా పంపే చిన్న సర్క్యూట్లు) పెట్టి ఆలస్యం పెంచాలి.